పాత పుస్తకానికి వెల కట్టడం

ఇంట్లో పోగుపడిన పుస్తకాలను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది, వాటిని ఎంతకు పెట్టాలని. విశాఖపట్నంలో ఉంటూ కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాను గనుక, ఒక్కొక్కరికీ ఫోనులో చెబుతూ వస్తున్న మాటలను ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. అడిగేవారిలో ఎక్కువమంది రెండు లెక్కల్లో ఏదో ఒకటి పట్టుకుని వస్తారు. పుస్తకం మీద అచ్చయిన వెలలో సగం అడగవచ్చునన్నది ఒకటి, ఎంత పాతదైతే అంత ఎక్కువ పలుకుతుందన్నది మరొకటి. కొన్ని పుస్తకాల విషయంలో ఈ లెక్కలు అనుకోకుండా సరిపోతాయి గానీ, వాటిని నమ్ముకుని ఒక బీరువాడు పుస్తకాలకు ధరలు వేయడం కుదరదు. నా అనుభవంలో పాత పుస్తకం ధరకు హద్దులు రెండే. దాన్ని కొనేవారి చేతికి చేర్చడానికి మనకయ్యే ఖర్చు కింది హద్దు. అదే పుస్తకం, లేదా దాని పని చేసిపెట్టే మరొకటి, ఆ మనిషికి ఇంకెక్కడైనా ఎంతకు దొరుకుతుందన్నది పై హద్దు. మిగిలిన ఆలోచనంతా ఈ రెండింటి మధ్యన ఎక్కడ ఆగాలన్న దాని గురించే.

అచ్చయిన వెల సంగతి ముందు చూద్దాం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు అమల్లోకి రాకముందు వచ్చిన తెలుగు పుస్తకాల మీద వెల రూపాయలు, అణాల్లో ఉంటుంది. ఆ తరువాతి రెండు దశాబ్దాల పుస్తకాల మీద రెండున్నర, మూడు, అయిదు రూపాయలు కనిపిస్తాయి. వీటిలో సగం ఎంతో లెక్కవేసి ఎవరూ అమ్మరు. ఈ మధ్య వచ్చిన పుస్తకాల విషయంలో మాత్రం చాలామంది ఈ సగం లెక్కకే కట్టుబడి ఉంటారు. 250 రూపాయల వెల ఉన్న నవల ఒకటి ఉందనుకుందాం. కొత్త ప్రతిని ఏదో ఒక దుకాణం తగ్గింపు పోను 190 రూపాయలకు ఇంటికి చేరుస్తోందనుకుందాం. మనం సగానికి, అంటే 125కు పెట్టి, తపాలా ఖర్చు 50 అదనమంటే కొనేవారికి అది 175 అవుతుంది. పదిహేను రూపాయల తేడా కోసం ఎవరో చదివేసిన ప్రతిని ఎవరూ ఎంచుకోరు. కొత్తది అచ్చులో ఉండి, తేలికగా దొరుకుతున్నప్పుడు, ఖర్చులన్నీ కలుపుకుని మన ధర కొత్త ప్రతి ధరలో సగానికి, మహా అయితే మూడింట రెండు వంతులకు మించకూడదు. అంతకు కిట్టుబాటు కాకపోతే ఆ పుస్తకాన్ని తపాలాలో పంపే ఆలోచన మానుకుని, ఊళ్లోనే నేరుగా చేతికి అందించే మార్గం చూసుకోవాలి.

ఇక వెబ్‌సైట్లలో కనిపించే ధరలు. ఒక పుస్తకం పేరు కొట్టి వెతికి, పైన కనిపించిన అంకెను చూసి, అదే దాని విలువ అనుకోవడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. ఆ అంకెకు ఎవరో అడుగుతున్నారన్నది నిజమే గానీ, ఆ అంకెకు ఎవరైనా కొన్నారా లేదా అన్నది అక్కడ ఉండదు. దీనికి ప్రపంచమంతా చెప్పుకున్న ఉదాహరణ ఒకటుంది. 2011లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ జీవశాస్త్రజ్ఞుడు మైకేల్ ఐసెన్, ఈగ పిండాభివృద్ధిని గురించి 1992లో వచ్చిన 'ది మేకింగ్ ఆఫ్ ఎ ఫ్లై' అనే శాస్త్రగ్రంథం అమెజాన్‌లో లక్షల డాలర్లు చూపించడం గమనించి, రోజూ ఆ ధరలు రాసుకుంటూ పోయాడు. ఇద్దరు అమ్మకందారులు ధరలను కంప్యూటర్ ప్రోగ్రాములకు వదిలేశారు. ఒకరి ప్రోగ్రాము ఎదుటివారి ధరను 0.9983తో గుణించి కాస్త తక్కువకు పెడుతోంది. రెండోవారి ప్రోగ్రాము మొదటివారి ధరను 1.270589తో గుణించి ఎక్కువకు పెడుతోంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ప్రతిరోజూ పైకి ఎక్కి, చివరికి ఆ పుస్తకం ధర 2,36,98,655 డాలర్ల 93 సెంట్ల దగ్గర ఆగింది. రెండో అమ్మకందారు దగ్గర అసలు ఆ పుస్తకం లేదని, ఎవరైనా అడిగితే మొదటివారి దగ్గర కొని పంపే ఉద్దేశంతో లాభం కలిపి పెట్టి ఉంటారని ఐసెన్ ఊహించాడు. ఆ పద్ధతి ఇవాళ మన దేశంలోనూ ఉంది. ఒక తెలుగు పుస్తకానికి ఒకే ఒక్క ప్రతి నాలుగు వేల రూపాయలకు కనిపిస్తూ, నెలలు గడిచినా అక్కడే ఉందంటే, ఆ నాలుగు వేలకు కొనేవారు లేరని మాత్రమే అర్థం.

అడుగుతున్న ధరల కంటే అమ్ముడైన ధరలు తెలుసుకోవడం కష్టమే అయినా అసాధ్యమేమీ కాదు. ఈబే వంటిచోట అమ్ముడైనవాటిని విడిగా చూసే వీలుంది గానీ, తెలుగు పుస్తకాలు అక్కడ కనిపించేది అరుదు. మనకు పనికొచ్చేవి ఫేస్‌బుక్‌లోని పాత పుస్తకాల గుంపులు, వాట్సాప్ గుంపులు. అక్కడ ఎవరో ఫొటో, ధర పెడతారు, కింద ఒకరు 'నాకు కావాలి' అంటారు, కాసేపటికి 'సోల్డ్' అన్న మాట పడుతుంది. ఆ మాట ఎంతసేపటికి పడిందన్నది కూడా గమనించాలి. పది నిమిషాల్లో ముగ్గురు అడిగారంటే ధర తక్కువ పెట్టినట్టు. వారం తరువాత తగ్గించి పెట్టాక పోయిందంటే ఆ తగ్గించిన ధరే సరైనది. పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, స్థితి, పోయిన ధర ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ పోతే, ఏడాది తిరిగేసరికి ఏ వెబ్‌సైటూ ఇవ్వలేని ధరల పట్టిక మన దగ్గర తయారవుతుంది. ఈ వ్యాపారం చేయదలచినవారెవరికైనా నేను ముందుగా చెప్పేది ఈ నోటు పుస్తకం గురించే.

కింది హద్దు విషయానికి వస్తే, దానిలో పెద్ద భాగం తపాలాది. పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఉన్న రోజుల్లో పుస్తకాలు అమ్మేవారికి ఎంతో వెసులుబాటుగా ఉండేది. ఆ సౌకర్యం 2024 చివర ఆగిపోయింది. 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్టు అనే కొత్త సేవను మొదలుపెట్టింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం. పార్సిలు ఎక్కడుందో చూసుకునే వీలుంది, కాకపోతే నేలదారిన వెళుతుంది గనుక చేరడానికి కొంత సమయం పడుతుంది. పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు, సాంఘిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలు దీనిలో వెళతాయి. వారానికో నెలకో వెలువడే పత్రికలు, ప్రకటనలు నిండిన ప్రచురణలు వెళ్లవు. పుస్తకం మీద ముద్రాపకుల పేరో ప్రచురణకర్తల పేరో ఉండాలి. ఈ నిబంధనలు ధరను నేరుగా తాకుతాయి. ఉదాహరణకు ఒక చందమామ సంచికను ఈ సేవలో పంపలేం, మామూలు తపాలాలోనో కొరియర్‌లోనో పంపాలి. అందువల్ల ఒక్క సంచిక మీద పడే రవాణా ఖర్చు దానికంటే నాలుగు రెట్లు బరువున్న నవల మీద పడేదానికంటే ఎక్కువ కావచ్చు.

కాబట్టి ధర వేసే ముందు పుస్తకాన్ని తూచాలి. వంటింటి త్రాసు చాలు. పుస్తకం ఒక్కదాన్నే తూచితే సరిపోదు, అట్టముక్కలు, ప్లాస్టిక్ కవరు, పైన కాగితం, టేపు అన్నీ చుట్టాక తూచాలి. 280 గ్రాముల పుస్తకం కట్టేసరికి 300 దాటిపోయి తరువాతి ధరలోకి వెళుతుంది. వెబ్‌సైటు ద్వారా అమ్మితే కమీషను, నిర్ణీత రుసుము, వాటి మీద పన్ను కూడా పోతాయి. తపాలా ఖర్చు కొనేవారిదే అనుకున్నా, 120 రూపాయలకు అమ్మిన పుస్తకంలో కొన్న ధర 30, కట్టడానికి 12, రుసుములకు 35, పోస్టాఫీసుకు రానుపోను ఆటో చార్జీలో దీని వాటా 5 అనుకుంటే, చేతిలో మిగిలేది 38 రూపాయలు. తిరిగి వచ్చే పార్సిళ్లు, దారిలో దెబ్బతినే పుస్తకాలు కూడా ఈ 38 లోంచే భరించాలి. అమెరికాలో ఒక సెంటుకు పుస్తకాలు అమ్మేవారుండేవారని విని మన వాళ్లు ఆశ్చర్యపోతుంటారు. అక్కడ కొనేవారి దగ్గర విడిగా వసూలు చేసే 3.99 డాలర్ల రవాణా మొత్తంలోంచే వారు ఖర్చులు పోను మిగుల్చుకునేవారు. మన దగ్గర అటువంటి లెక్క నడవదు. అందుకే వంద రూపాయల లోపు పలికే పుస్తకాన్ని విడిగా వెబ్‌సైటులో పెట్టవద్దని నా సలహా. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేకపోవడం ఒక్కటే మనకు కలిసివచ్చే అంశం.

పై హద్దు ఒక్కోసారి రాత్రికి రాత్రే కూలిపోతుంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత, దానితోపాటు మరి రెండు చట్టాలు అమల్లోకి వచ్చి, 1860 నాటి శిక్షాస్మృతి, 1973 నాటి నేర విచారణ స్మృతి, 1872 నాటి సాక్ష్య చట్టం స్థానాన్ని తీసుకున్నాయి. అంతకు ముందురోజు వరకు వందల రూపాయలు పలికిన న్యాయ పాఠ్యగ్రంథాలను ఆ తరువాత లా విద్యార్థులు ముట్టుకోలేదు. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాల విచారణ పాత చట్టం ప్రకారమే సాగుతుంది గనుక, ప్రాక్టీసు చేసే న్యాయవాదికి వ్యాఖ్యానంతో కూడిన ఒక మంచి ప్రతి ఇంకా కొన్నేళ్లు అవసరమే. విద్యార్థుల కోసం రాసిన గైడును తూకానికి వేసి, వ్యాఖ్యాన గ్రంథాన్ని అట్టేపెట్టుకోవాలన్నది దీనివల్ల తేలుతుంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం అమలు కావడంతో పన్నుల పుస్తకాలదీ ఇదే వరస. ఇంటర్మీడియట్ సిలబసు మారిన ఏడాది పాత పాఠ్యపుస్తకాలకు ఏ ధరా ఉండదు. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల అద్దె గదులు ఖాళీ చేసి వెళ్లే పిల్లలు వదిలేసే పుస్తకాల్లో వర్తమాన అంశాల సంచికలు ఆ ఏడాదితోనే చెల్లిపోతాయి. అదే గుట్టలో ఉండే గణితం, తార్కిక సామర్థ్యం, వ్యాకరణం పుస్తకాలు మాత్రం నాలుగైదేళ్లు నిలుస్తాయి, కొత్త నోటిఫికేషను వస్తుందన్న వార్త పుట్టగానే వాటిని అడిగేవారు పెరుగుతారు.

ఉక్కునగరం క్వార్టర్లు ఖాళీ చేసే ఉద్యోగుల ఇళ్ల నుంచి వచ్చే ఇంజనీరింగ్ పుస్తకాలు దీనికి పూర్తిగా భిన్నం. ఉష్ణగతిశాస్త్రం, లోహశాస్త్రం మూలసూత్రాలు ముద్రణ మారినంత మాత్రాన మారవు. మూడు ముద్రణలు వెనకబడిన ప్రతిని కూడా విద్యార్థి కొంటాడు, కాకపోతే లెక్కల వరుస సంఖ్యలు కొత్త ముద్రణలో మారి ఉంటాయి గనుక కొత్త ప్రతి ధరలో పావు వంతుకు మించి ఇవ్వడు. వైద్య విద్యార్థుల పుస్తకాల్లో కొన్ని నాలుగైదు కిలోల బరువుంటాయి, వాటిని ఊళ్లోనే చేతులు మార్చడం అన్ని విధాలా మంచిది.

నాకు ఎక్కువ ఇష్టమైనదీ, ఎక్కువ జాగ్రత్త అవసరమైనదీ పాత తెలుగు పుస్తకాల విభాగం. వీటికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, ఉండదు. ఉన్నా 2007కు ముందు వచ్చినవాటికి పదంకెలదే ఉంటుంది, వెబ్‌సైట్లు పదమూడంకెలది అడుగుతాయి. దాన్ని మార్చుకుని వెతికితే, అదే సంఖ్యతో వేరే ఏడాది ముద్రణ, వేరే అట్ట, వేరే వెల కనిపిస్తాయి. అందుకే సంఖ్యను పక్కనపెట్టి, పుస్తకాన్ని తెరిచి ముద్రణ వివరాల పేజీ చదవడంతో పని మొదలుపెట్టాలి. మన తెలుగు ప్రచురణకర్తల్లో చాలామందికి ఒక మంచి అలవాటుంది. ఆ పేజీలో ఎన్నో ముద్రణ అన్నదే కాక, 'ప్రతులు: 1000' అని ఎన్ని అచ్చువేశారో కూడా రాస్తారు. ధర కట్టేవారికి ఇంతకు మించిన ఆధారం లేదు. వెయ్యి ప్రతులు అచ్చయి, యాభై ఏళ్లు గడిచి, చెదలకూ వానలకూ పోగా మిగిలినవి ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. అయితే అరుదుగా దొరకడం ఒక్కటే ధర తెచ్చిపెట్టదు. దాన్ని వెతికేవారు కూడా ఉండాలి. మూడు వందల ప్రతులు మాత్రమే వేసుకున్న ఒక స్థానిక కవి సంపుటి ఎంత అరుదైనా, ఆ కవి గురించి పనిచేసే పరిశోధకుడు తారసపడేదాకా అలమరలోనే ఉంటుంది.

తొలి ముద్రణకూ పాత ముద్రణకూ ఉన్న తేడాను చాలామంది గమనించరు. మన ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. అప్పటి నుంచి ఎన్నో ముద్రణలు వచ్చాయి, నేటికీ కొత్త ప్రతి దొరుకుతుంది. 1980లలో వచ్చిన ఒక ప్రతి ఎవరి ఇంట్లోనైనా ఉంటే, అది నలభై ఏళ్లనాటిదే అయినా మలిముద్రణే. చదువుకోవడానికి కొనేవారు కొత్త ప్రతి కంటే తక్కువే ఇస్తారు. 1950 నాటి ప్రతి అయితే దానికి వెల చెల్లించేవారు వేరు, వారి లెక్కలు వేరు. ఒకే పేరున్న ఈ రెండు పుస్తకాల ధరల మధ్య ఎన్ని రెట్ల తేడా ఉన్నా ఆశ్చర్యపడనవసరం లేదు.

కాపీహక్కు సంగతి కూడా చూసుకోవాలి. మన దేశంలో రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు అరవై ఏళ్ల వరకు హక్కులుంటాయి, ఆ తరువాత ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. గురజాడ 1915లో కన్నుమూశారు గనుక ఆయన రచనలను ఎందరో ప్రచురించారు, చవక ప్రతులు ఎప్పుడూ దొరుకుతాయి. అటువంటి రచనల మామూలు పాత ముద్రణలకు వంద రూపాయలు రావడం కూడా కష్టం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన వేల తెలుగు గ్రంథాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. విషయం మాత్రమే కావలసినవారు అక్కడ చదువుకుంటారు, చేతిలో పట్టుకుని చదవాలన్నవారు, భద్రపరచాలనుకునేవారు మాత్రమే మన దగ్గరకు వస్తారు. కాబట్టి స్కాన్ ప్రతి ఉందో లేదో చూసుకోకుండా, 'ఎక్కడా దొరకదు' అని రాసి ధర పెంచడం సరికాదు.

హక్కులు ఇంకా ఉండి, పునర్ముద్రణ జరగకుండా ఆగిపోయిన పుస్తకాలే అన్నిటికంటే గట్టిగా నిలబడతాయి. 1957లో ఏర్పడి 1983లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురణల్లో ఇటువంటివి చాలా ఉన్నాయి, తెలుగు శాఖల్లో పరిశోధన చేసేవారు వాటి కోసం అడుగుతుంటారు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన తెలుగు అనువాదాలదీ అదే తీరు. రెండు మూడు రూపాయలకు గట్టి అట్టతో, రంగుల బొమ్మలతో వచ్చిన ఆ పిల్లల పుస్తకాలు 1991లో సోవియట్ యూనియన్ పతనమయ్యాక రావడం ఆగిపోయింది. వాటిని చిన్నప్పుడు చదివినవారు ఇప్పుడు యాభైలు, అరవైల వయసులో ఉండి, తమ ప్రతి పోగొట్టుకున్నామన్న బాధతో వెతుకుతారు. అయితే వీటిలో కొన్నింటిని తెలుగు ప్రచురణకర్తలు మళ్లీ అచ్చువేశారు. ఆ సంగతి తెలుసుకోకుండా ధర వేస్తే కొనేవారు మనల్ని నమ్మరు.

పత్రికల నుంచి కత్తిరించి కుట్టించిన సీరియల్ సంపుటాలు మన తెలుగువారి ఇళ్లలో విరివిగా కనిపించే వస్తువు. వారపత్రికలో వచ్చిన నవలను వారం వారం చించి దాచి, చివరి భాగం రాగానే బైండింగ్ చేయించి, మీద పేరు చేత్తో రాసి పెట్టుకునేవారు. ఆ నవల తరువాత పుస్తకంగా వచ్చి ఉంటే, కథ కోసం ఈ సంపుటాన్ని కొనేవారు లేరు. దాని విలువంతా బొమ్మలది. బాపు బొమ్మలున్న సీరియల్ అయితే, పుస్తకంగా వచ్చినప్పుడు ఆ బొమ్మలు తరచుగా ఉండవు గనుక, ఆ సంపుటానికి ప్రత్యేకమైన గిరాకీ ఉంటుంది. ఇటువంటిదానికి ధర వేసే ముందు కూర్చుని ప్రతి భాగం సంఖ్యనూ సరిచూడాలి. మధ్యలో ఒక వారం లేకపోతే ధర సగానికి పడిపోతుంది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలున్న పత్రికల విషయంలో దీనికి తలకిందులైన చిక్కు ఉంది. ఆ బొమ్మలను ఎంతగానో ఇష్టపడి, అట్టను చించి పటం కట్టించుకున్న ఇళ్లు ఉత్తరాంధ్రలో ఎన్నో ఉన్నాయి. లోపలి పేజీలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా అట్ట లేని సంచికకు వచ్చేది నామమాత్రపు ధరే.

ఇంత చూసి ఒక ధర అనుకున్నాక, దాన్ని మళ్లీ కిందికి దించేది పుస్తకం స్థితి. విశాఖలో ఈ విషయం హైదరాబాదులో కంటే కఠినంగా చూడాలి. సముద్రం పక్కన ఊరు, ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో చెమ్మ, ఆ చెమ్మలో ఉప్పు. చందమామ వంటి పలుచని సంచిక తీసుకుని నడిమి పేజీల దగ్గర తెరిస్తే రెండు పిన్నులు కనిపిస్తాయి. తీరప్రాంతపు ఇళ్లలో ఉన్న సంచికల్లో ఆ పిన్నులు తుప్పు పట్టి, వాటి చుట్టూ ఎర్రటి మచ్చ పాకి, కాగితం అక్కడ పెళుసెక్కి, నడిమి నాలుగు పేజీలు పిన్ను నుంచి తెగి విడిగా వచ్చేస్తాయి. పైనుంచి చూస్తే సంచిక కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. అందుకే పిన్నులున్న ప్రతి పత్రికకూ నడిమి పేజీ ఫొటో తప్పకుండా పెట్టాలని నా నియమం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీలు విరిగి, పైకప్పులు లేచిపోయి తడిసిన పుస్తకాలను చాలామంది ఎండబెట్టి అటకల మీద దాచుకున్నారు. అవి ఇప్పుడిప్పుడే బయటికి వస్తున్నాయి. ఒకసారి తడిసి ఆరిన పుస్తకాన్ని పోల్చుకోవడం కష్టం కాదు. మూసిపెట్టి అంచు వైపు నుంచి చూస్తే పేజీలు అలలుగా ఉంటాయి, కింది భాగం పై భాగం కంటే మందంగా కనిపిస్తుంది, తెరిస్తే నీరు ఎంతవరకు ఎక్కిందో అక్కడ గోధుమరంగు గీత ఒకటి వంకరగా పోతూ ఉంటుంది. నున్నని ఆర్టు కాగితం అయితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అటువంటి దాన్ని అమ్మకానికి పెట్టకూడదు. అతుక్కోకపోతే, చదవడానికి ఇబ్బంది లేదని నిర్ధారించుకుని, నీటి మరక ఉందని మొదటి వాక్యంలోనే రాసి, మంచి ప్రతి ధరలో మూడో వంతుకు పెట్టవచ్చు.

వాసన ఫొటోలో రాదు. ముక్కిన వాసన, కలరా ఉండల వాసన ఉన్న పుస్తకాలు ఆ సంగతి చెప్పకుండా పంపితే తిరిగి వస్తాయి, రవాణా ఖర్చు రెండింతలవుతుంది. చిరిగిన పేజీకి ఎవరో అంటించిన సెల్లోటేపు పసుపుపచ్చగా మారి అక్షరాల మీద పట్టీలా మిగిలిపోవడం, వెన్ను దగ్గర జిగురును పురుగు తినేయడం, న్యూస్‌ప్రింటు కాగితం మూలలు ముట్టుకుంటే విరిగి రాలడం, ఇవన్నీ చెప్పదగినవే. విదేశీ వెబ్‌సైట్లలో పుస్తకం స్థితికి 'చాలా బాగుంది', 'బాగుంది', 'ఫర్వాలేదు' వంటి అంతస్తులు ఏర్పాటు చేశారు. ఒక్క మాటతో తేల్చేసే ఆ పద్ధతి తెలుగు పుస్తకాలకు చాలదని నా అభిప్రాయం. 'అట్ట మీద మడత, మూడో పేజీలో పాత యజమాని సంతకం, 41వ పేజీ దిగువన చిరుగు, అక్షరాలు పోలేదు' అని రాసిన పుస్తకం, ఉత్తినే 'బాగుంది' అని రాసినదానికంటే ఎక్కువ ధరకు పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. కొనేవారికి తాను ఏం కొంటున్నాడో తెలిస్తే ధైర్యంగా ఇస్తాడు.

పాత యజమాని రాతల విషయంలో ఒక మాట. పేరు, తేదీ, పెళ్లి కానుకగా ఇచ్చినట్టున్న రాత పుస్తకం ధరను పెద్దగా తగ్గించవు. పేజీ పేజీకీ పెన్నుతో గీతలు గీసి ఉంటే తగ్గిస్తాయి. రచయిత స్వయంగా సంతకం చేసి ఇచ్చిన ప్రతి అయితే పెంచుతాయి, కాకపోతే ఆ సంతకం నిజమైనదని నమ్మడానికి తేదీనో, ఎవరికి ఇచ్చారన్నదో తోడు కావాలి. గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ముద్ర లేకపోతే ఆ పుస్తకం ఆ గ్రంథాలయానిదే, దానికి మనం వెల కట్టకూడదు. రోడ్డు పక్కన దొరికే నకలు ప్రతులను కూడా నేను కొననూ కొనను, అమ్మనూ అమ్మను.

ధర పెట్టిన తరువాత వచ్చే బేరాల గురించి కూడా ముందే అనుకుని ఉండాలి. 'లాస్ట్ ప్రైస్ ఎంతండీ' అని అడగని కొనుగోలుదారు వాట్సాప్‌లో ఉండరు. దానికోసం ముందుగానే ఇరవై శాతం పెంచి పెట్టేవారున్నారు. అలా పెంచిన ధర చూసి, అడగకుండానే వెళ్లిపోయేవారు ఎందరో మనకు తెలియదు గనుక ఆ పద్ధతి నాకు నచ్చదు. ధర ఒక్కటే చెప్పి, రెండు పుస్తకాలు తీసుకుంటే తపాలా ఖర్చు నేను పెట్టుకుంటానంటాను. దానివల్ల వారికీ లాభం, ఒకే పార్సిలు గనుక నాకూ లాభం. రెండు నెలలు ఎవరూ అడగకపోతే పదిహేను శాతం తగ్గిస్తాను, మరో రెండు నెలలకు ఇంకో పదిహేను. తొలి ముద్రణలు, అకాడమీ ప్రచురణలు మాత్రం తగ్గించను. వాటిని వెతికే మనిషి ఏడాదికి ఒక్కరే రావచ్చు, కానీ తగ్గించినందువల్ల ఆ మనిషి త్వరగా రాడు.

పరిశోధన చేస్తున్న విద్యార్థి అడిగినప్పుడు, సేకరణ కోసం కొనేవారికి చెప్పే ధర నేను చెప్పను. ఇది వ్యాపార సూత్రాలకు అనుకూలమైనది కాకపోవచ్చు. కానీ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో, నా దగ్గరున్న ఒకే ఒక్క ప్రతి మీద ఒకరి సిద్ధాంత గ్రంథంలోని ఒక అధ్యాయం ఆధారపడి ఉంటే, దాన్ని ఎక్కువ ఇచ్చేవారి కోసం పట్టి ఉంచడం నాకు సమ్మతం కాదు. కొనడం కుదరకపోతే ఇంటికి వచ్చి కూర్చుని చదువుకుని నోట్సు రాసుకోమంటాను.

అమ్మే ధర తెలిసినవారికే కొనే ధర తెలుస్తుంది. పెద్దవారు పోయాక ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఇల్లు సర్దుతూ, పుస్తకాలన్నీ కిలోల లెక్కన తీసుకెళ్లండని పిలిచేవారుంటారు. నేను ముందు ఒక పూట కూర్చుని గుట్టను విడదీసి, విడిగా ధర పలికేవాటి జాబితా రాసి ఇస్తాను. 'ఇవి నెమ్మదిగా అమ్ముడవుతాయమ్మా, అమ్ముడైనదానిలో సగం మీకు ఇస్తాను, లేదంటే ఇప్పుడే తీసుకుంటే మూడో వంతు ఇస్తాను, మీ ఇష్టం' అని రెండు మార్గాలూ చెబుతాను. పెద్దవారి పుస్తకాలు తూకానికి పోకుండా చూసినందుకు ఆ ఇంటివారే తరువాత పక్కింటివారిని నా దగ్గరకు పంపుతారు.

ఇంతా అయ్యాక, విడిగా పెడితే కింది హద్దును కూడా దాటలేని పుస్తకాలు ప్రతి గుట్టలోనూ సగానికి పైగా మిగులుతాయి. వారపత్రికల యుగంలో వచ్చిన జేబు సైజు నవలలు, వ్రతకథలు, పిల్లల నీతికథలు, మలిముద్రణల కథా సంపుటాలు ఇటువంటివి. వీటికి కట్టలు కట్టి ధర వేయాలి. ఒకే రచయితవో, ఒకే రకానివో అయిదారు కలిపి, తపాలా బరువుల మెట్టు దాటకుండా తూచి, మొత్తానికి మూడు వందలో మూడున్నర వందలో పెడితే, ఒక్కొక్కటి అరవైకి కూడా పోని పుస్తకాలకు ఖర్చులు పోను కొంత మిగులుతుంది. కట్టలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్క పేరూ తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయాలి, ఎందుకంటే వెతికేవారు ఫోనులో ఏ లిపిలో కొడతారో చెప్పలేం. బాగా లేని ప్రతిని మధ్యలో దాచి కట్టకూడదు. దాన్ని తీసేస్తే కట్ట ధర తగ్గదు గానీ, ఉంచితే మిగిలిన అయిదింటి ధర కూడా దానితోపాటే పోతుంది.